తుప్పు బ్యాండు అట్ట మీది నవ్వు

‘తుప్పు’ అనే రాక్ బ్యాండు ఆల్బమ్ అట్ట మీద అసిరినాయుడి మొహాన్ని అధికారులు మసక చేసిన మర్నాటి నుంచి, అతని అసలు మొహం కూడా మసకగానే ఉంటోంది. ఇలా జరుగుతుందని మసక చేయమన్న ఉత్తర్వులోనే రాసి ఉంది కాబట్టి విజయనగరంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అసిరినాయుడు కూడలిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతాడు. అతని బండి వెనకాల ముసుగేసిన విగ్రహం ఒకటుంది. ఆవిష్కరణకు మంత్రిగారి తేదీ దొరక్క ఏళ్లుగా అది గోనెగుడ్డలోనే ఉంది. లోపల ఎవరున్నారో తెలిసిన అధికారులంతా బదిలీ అయిపోయారు. బ్యాండువాళ్లు దాని ముందు ఫోటో తీయించుకుంటుండగా, డ్రమ్ములు వాయించే ప్రతాప్ “ఇది ఎవరి విగ్రహం బాబాయ్?” అని అడిగాడు. “నాకేటి తెల్సు?” అంటూ అసిరినాయుడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వే అట్టకెక్కింది.

పాటలు ఎవరూ వినలేదు గానీ ఫోటో ఊరంతా చూసింది. ముసుగులో ఉన్నది మా నాయకుడే, ఆయన్ని చూసే వీడు నవ్వాడు అని ఒక సంఘం ధర్నాకు కూర్చుంది. కాదు, మావాడే అని ఇంకో సంఘం ఎదురుగా కూర్చుంది. ముసుగు తీసి చూస్తే సరిపోయేదే. మంత్రిగారు రాకుండా తీయడం ప్రోటోకాల్‌కు విరుద్ధం. అందుకని విగ్రహాన్ని వదిలేసి నవ్వును మసక చేయాలని ఇలాంటి తగవులు చూసే ప్రభుత్వ మనోభావాల కమిటీ తేల్చింది. ఇంత చక్కటి తీర్పు ఈమధ్య ఏదీ రాలేదు.

అసిరినాయుడి వ్యాపారం బాగానే సాగింది. అతను ఎవరి మనిషో పోల్చుకోలేక అన్ని సంఘాలవాళ్లూ అతని దగ్గరే కాయలు కొన్నారు. ఆధార్ కేంద్రంవాళ్లు కొత్త ఫోటో తీసి, పాతదానికంటే ఇదే నయమన్నారు.

బాధపడింది అతని భార్య గౌరీశ్వరి ఒక్కతే. ఆ నవ్వు చూసే ఆమె అతన్ని చేసుకుంది. కమిటీ ఆఫీసుకు వెళ్లి గుమస్తా ముందు నిలబడింది.

“మా ఆయన నవ్వుతన్నాడో ఏడుస్తన్నాడో నాకు తెల్డం లేదు బాబూ. ఆ మొకం నాకిచ్చెయ్యండి.”

“ఇవ్వచ్చమ్మా. మనోభావాలు దెబ్బతిన్నవాళ్లంతా వచ్చి ఒప్పుకోవాలి,” అన్నాడు గుమస్తా, పాపం నొచ్చుకుంటూ. “కానీ ముందుజాగ్రత్తగా వాళ్లు కూడా మొహాలు మసక చేయించుకున్నారు. ఎవరు ఎవరో మాకు తెలియడం లేదు.”

ఆమె ఏడుస్తూ ఇంటికొచ్చింది. అసిరినాయుడు అన్నం తింటున్నాడు.

“నాకు హాయిగానే ఉందే,” అన్నాడు. “నవ్వీముందు సుట్టూ సూసుకోనక్కర్లేదు.”

“ఇప్పుడు నవ్వుతన్నావా?”

“నవ్వుతన్నాను.”

ఆ మాటకు ఆమె ప్రాణం కుదుటపడింది. అప్పట్నుంచి రోజూ అన్నాల దగ్గర అడుగుతుంది, అతను చెబుతాడు. ఈమధ్య నవ్వకుండానే నవ్వుతున్నానంటున్నాడు. అదే తేలిక. ఆమెకు తేడా తెలియడం లేదు, కాపురం హాయిగా సాగుతోంది.