స్టీలు గూట్లో రెండు గుడ్లు

ప్రకృతిని పక్షుల చేతికి వదిలేస్తే పాడైపోతుందన్న మహాసత్యాన్ని ఉప్పల్ దగ్గరి ఓ విశ్వవిద్యాలయం నిరుడు కనిపెట్టింది. అందుకే నాచారం షెడ్డులో రెండు టన్నుల స్టీలుతో పెద్ద పక్షిగూడు చేయించి, 'ప్రకృతి ఒడి' అని పేరు పెట్టి, లైబ్రరీ ముందు పచ్చికలో నిలబెట్టింది. దాని మీద పిట్ట వాలకుండా చూసే బాధ్యత తోటపని శారదమ్మకు అప్పగించింది. (పిట్టలకే సర్క్యులర్ పంపుదామనుకున్నారు గానీ చిరునామాలు దొరకలేదు.)

శారదమ్మది కాంట్రాక్టు కొలువు. ఏటా జూన్‌లో పొడిగిస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. పాపం, పొద్దస్తమానం కర్ర పట్టుకుని కాకుల్ని తోలింది, పావురాల్ని తోలింది. ఒక్క గువ్వ దగ్గరే పప్పులో కాలేసింది. అది నాలుగు ఎండుపుల్లలు పేర్చి రెండు గుడ్లు పెట్టేదాకా చూసుకోలేదు. చూశాక తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

"జర జల్ది కానియ్యి తల్లీ, నా కొలువు పోతది," అని గువ్వను బతిమాలుకుంది.

గువ్వ కన్నా ముందు కళా పరిరక్షణ కమిటీ కదిలింది. అధ్యక్షుడు గంగాధరరావు నిచ్చెనెక్కి గూట్లోకి తొంగి చూశారు. గువ్వ మేతకు పోయింది. శారదమ్మ కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"శిల్పి ఎంత సహజంగా చేశాడండీ," అన్నారాయన. "ఈ గుడ్లు మన లిస్టులో లేవే. ఎక్కించండి."

నిజం చెబితే పిట్టను రానిచ్చిన నేరం. 'గుడ్లు రెండు, కదలనివి' అని రిజిస్టర్లో రాసి, కింద ఆమె సంతకం తీసుకున్నారు.

కదలనివి నెల తిరక్కుండా ఎగిరిపోయాయి. కమిటీ మళ్లీ వచ్చింది.

"గుడ్లేవి?"

"పిల్లలైనయి సార్. రెక్కలొచ్చినయి, పోయినయి."

"శిల్పం పిల్లల్ని పెడుతుందా అమ్మా?"

"అయి శిల్పం కాదు సార్. గువ్వ పెట్టిన గుడ్లు."

"మరి గువ్వనెందుకు రానిచ్చావు?"

శారదమ్మకు ఏడుపొచ్చింది. గుడ్లు దొంగిలించిందో, పని చేతకానిదో, రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోమన్నారు. ఆమె తేల్చుకోలేకపోతుంటే కమిటీయే దయతలచి రెండూ రాసుకుంది. జూన్‌లో కాంట్రాక్టు పొడిగించలేదు.

పోయిన గుడ్ల చోట రెండు ఫైబర్ గుడ్లు తెప్పించి అతికించారు. గువ్వ తిరిగొచ్చి మూడు వారాలుగా వాటి మీదే కూర్చుని ఉంది. ఎంత పొదిగినా పిల్లలు కావని కంపెనీ ఐదేళ్ల గ్యారంటీ రాసిచ్చింది.