గుండీ తొట్టెలో మూడు పొరలు

ఆ రోజు పొద్దున చిన్న మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బ్యాండు మాస్టరు తెల్లకోటుకు చివరి గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఆయన వచ్చేలోగా కత్తిరింపు బల్లమీద పరిచి ఉంచడం. బల్ల చివరనున్న చేపల తొట్టెకు కొత్త వడపోత పెట్టే పని ముందురోజే అయిపోయింది. అయిపోయిందనే అతను అనుకున్నాడు.

ఆ తొట్టె నాన్నది. వీధి వీధంతా పెద్ద మాస్టారని పిలుచుకున్న ఆ దర్జీ, చూపు మందగించి సూదిలోకి దారం ఎక్కించలేకపోయిన ఏడాది, కత్తెర కొడుకు చేతిలో పెట్టి ఈ చిన్న ఉప్పునీటి తొట్టె తెచ్చుకున్నాడు. లోపల గుప్పెడు పగడాలు, ఒక నారింజరంగు చేప. చేపకు గుండీ అని పేరు పెట్టాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి దాని ముచ్చట్లు చెప్పేవాడు. ఆయన పోయాక కూడా చిన్న మాస్టారు మిషను మీంచి తలెత్తితే ముందు తొట్టె పక్కనున్న ఖాళీ స్టూలే కనబడేది. గుండీకేమైనా అయితే నాన్న రెండోసారి పోయినట్టేనని అతని బెంగ.

తొట్టె వెనక సన్నటి అర ఒకటుంది. నీళ్ళు అంచు దాటి అందులో పడి, వడపోతలోంచి కిందికి దిగి, పక్క అరలోని పంపు తోస్తే మళ్ళీ ముందుకొస్తాయి. నాన్న పెట్టిన స్పాంజి చివికిపోవడంతో చిన్న మాస్టారు అమ్మనూ భార్యనూ వెంటబెట్టుకుని చేపల కొట్టుకెళ్ళాడు. కొట్టతను మూడు రకాలు చూపించాడు. స్పాంజిని కడుక్కుంటూ ఎన్నాళ్ళైనా వాడుకోవచ్చు గానీ, బద్ధకిస్తే మురికి అందులోనే కుళ్ళుతుంది. గుడ్డసంచి సన్న నలుసును కూడా వదలదు గానీ ఇట్టే మూసుకుపోతుంది. దూది అయితే మురికి పట్టగానే పారేసి కొత్తది పెట్టుకోవడమే. అమ్మ చూపు స్పాంజి మీద, కోడలి చూపు సంచి మీద ఉన్నాయి. చిన్న మాస్టారు దూది అన్నాడు. ఇద్దరూ కిమ్మనకుండా సరేనన్నారు. అక్కడే అతనికి అనుమానం రావలసింది.

ఎందుకంటే ఆ దుకాణంలో నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఒకరి కుట్టులో లోపం ఇంకొకరి కంటబడితే నోరెత్తకూడదు. చడీచప్పుడు లేకుండా తానే ఇంకో కుట్టు వేసి సర్దేయాలి. ఆ కట్టుబాటు పుణ్యమా అని ఏళ్ళ తరబడి అక్కడ ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

దూది మరీ పల్చగా ఉందనిపించి, భర్త భోజనానికి లేవగానే కోడలు కోటు లైనింగు గుడ్డతో సంచి కుట్టి దాని కింద అమర్చింది. కోడలు పక్కకు వెళ్ళగానే అత్తగారు వచ్చి చూసి, ఇదీ చాలదనుకుని, మిగిలిపోయిన భుజం ప్యాడు స్పాంజిని ఆ సంచిలో కుక్కింది. మేత సంగతీ అంతే. మిగతావాళ్ళు మరిచిపోయి ఉంటారని ముగ్గురూ ఎవరికి వారే చల్లారు. తిన్నంత తిని గుండీ వదిలేసిందంతా వెళ్ళి వడపోతలో ఇరుక్కుంది.

మర్నాడు పొద్దున్నే పంపు గరగరలాడింది. దాని అరలో నీళ్ళు అడుగంటాయి. ఆవిరైపోయాయనుకుని చిన్న మాస్టారు చెంబుతో నీళ్ళు పోసి లోపలికెళ్ళాడు. కాసేపటికి మళ్ళీ గరగర. ఈసారి కోడలు పోసింది. తర్వాత అత్తగారు పోసింది. పంపు పోసినదాన్ని పోసినట్టే ముందుకు తోస్తోంది. వెనక్కి దిగే దారి మాత్రం మూసుకుపోయింది. చివరికి తొట్టె నిండి పొర్లింది. ఇస్త్రీ చేసి పరిచిన తెల్లకోటు ఒక చెయ్యి నిండా ఉప్పునీళ్ళు తాగింది.

కోటు తీస్తూ చిన్న మాస్టారు తొట్టెలోకి చూశాడు. గుండీ లేదు. బల్ల కింద, మిషన్ల కింద, పీలికల బుట్టలో, ముగ్గురూ ఇల్లు పీకి పందిరేశారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టుంది వ్యవహారం. సరిగ్గా అప్పుడే బ్యాండు మాస్టరు వచ్చాడు. పాత అలవాటుకొద్దీ పోయి నాన్న స్టూలు మీద కూర్చున్నాడు.

చిన్న మాస్టారు నేలమీదే చతికిలబడ్డాడు. "నాన్న చేపను నేనే చంపుకున్నాను. ఆ దూది నేనే కదా ఏరికోరి తెచ్చింది."

"మీది కాదండీ తప్పు. దాని కింద సంచి పెట్టింది నేను," అంది భార్య.

"ఆ సంచిలో భుజం ప్యాడు కుక్కింది నేనర్రా," అంది అమ్మ.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో తప్పు అనే మాట పైకి వినబడటం అదే మొదలు.

"మీరు వెతికేది నారింజరంగు దాన్నేనా?" అన్నాడు బ్యాండు మాస్టరు నింపాదిగా. "వెనక అరలో భోంచేస్తోంది."

నిజమే. పెరిగిన నీళ్ళతోపాటు అంచు దాటి, దూదిలో చిక్కుకున్న మేతను గుండీ తీరిగ్గా ఏరుకు తింటోంది. చిన్న మాస్టారుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

"నోరెత్తకూడదన్న ఆ కట్టుబాటు మీ నాన్న నా కోసం పెట్టారురా. కొత్తలో నేను తీసిన కాజాలు వంకర పోయేవి. చెబితే నొచ్చుకుంటానని, నేను లోపలికెళ్ళగానే విప్పి మళ్ళీ కుట్టేవారు."

"ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలియకేం? ఆయనవీ వంకరే. ఆయన బయటికెళ్ళగానే నేను విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. ఒక్కనాడూ పైకి అనుకోలేదు." అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒక్కసారైనా అనుకోవలసిందిరా. ఇద్దరం కూర్చుని నవ్వుకునేవాళ్ళం."

బ్యాండు మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "అయితే నా మొదటి కోటు అన్నాళ్ళు ఆలస్యమైంది అందుకేనన్నమాట."

కోడలు కోటు చెయ్యి మంచినీళ్ళలో జాడించి ఇస్త్రీ చేసింది. గుండీని వెనక అరలోంచి తీసి ముందుకు వదిలి, తొట్టెలో పలచబడిన నీళ్ళు కొన్ని తోడేసి, ఉప్పు కలిపిన కొత్తనీళ్ళు పోశారు. సంచీ, ప్యాడూ తీసేసి దూది ఒక్కటే ఉంచారు. ఇకమీద దూది మార్చినా, మేత వేసినా, లోపం కనబడినా పైకి చెప్పి తీరాలని ముగ్గురూ ఒప్పుకున్నారు.

ఆనాటి నుంచీ ఆ దుకాణంలో ఎవరి తప్పూ దాగడం లేదు. గుండీయే పొద్దస్తమానం పగడాల వెనక దాక్కుంటోంది.