మా డాబా మీద తుపాకీ

ఉగ్రవాదుల వైమానిక దాడిని మించిన వరం మరొకటి లేదు! కోప్పడకండి. నేననేది అసలు దాడి కాదు, దాన్ని ఎదుర్కోవడం సాధన చేయడానికి సైన్యం చేసే ఉత్తుత్తి దాడి. అది జరగని వీధి కూడా ఒక వీధేనా?

మాది ఐదంతస్తుల భవనం. లిఫ్టు చచ్చి పద్నాలుగు నెలలు. పై అంతస్తులో నేను, మా పెద్దమ్మ, ఆవిడ మోకాళ్లు. ఆవిడ నేల మీద కాలు పెట్టీ పద్నాలుగు నెలలే. ఎదురుగా మందుల షాపు బెంచీ మీద కూర్చునే స్నేహితురాలితో కిటికీలోంచి అరిచి మాట్లాడేది. నేనిచ్చిన పదకొండు అర్జీలకూ భవనం సెక్రటరీది ఒకటే జవాబు: "మెట్లెక్కితే గుండెకు మంచిదండీ." ఆయనది గ్రౌండ్ ఫ్లోరు!

అలాంటి కొంపకు అదృష్టం పట్టింది. విమానాలను కూల్చే తుపాకీకి మా డాబాయే సరైన ఎత్తని సైన్యం తేల్చింది. తుపాకీ మెట్ల మలుపులో ఇరుక్కుంది. కెప్టెన్ ఒక్క ఫోన్ చేశాడు. గంటన్నరలో మెకానిక్కు, కొత్త మోటారు, లిఫ్టులో లైటు కూడా వచ్చేశాయి!

ఐదు రోజులు విన్యాసాలు. సైరన్ మోగేది, శత్రువు వేషంలో ఓ బుల్లి విమానం మా నెత్తిన తిరిగేది, జవాన్లు గుండ్లు ఆదా చేస్తూ నోటితోనే "ఢాం" అనేవారు. పెద్దమ్మ రోజూ ముస్తాబై కిందికి దిగి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చునేది. నాలుగో రోజు మాత్రం డాబా ఎక్కి కెప్టెన్‌ను పట్టుకుంది.

"రేపటితో అయిపోతుందటగా బాబూ? అదిగో, ఆ మబ్బు వెనక ఏదో కదిలింది. ఇంకో వారం ఉండి చూడకూడదూ?"

"అది గద్ద, అమ్మా."

"గద్దే కదాని తేలిగ్గా తీసుకోకు నాయనా!"

ఐదో రోజు తుపాకీ కిందికి దిగింది. వెంటనే మెకానిక్కు మోటారు విప్పేశాడు. అది విన్యాసాల సామానట, తిరిగి ఇచ్చేయాలట! పెద్దమ్మ ఇంకా బెంచీ మీదే ఉంది. నలుగురు జవాన్లు ఆవిడను ఓ కుర్చీలో కూర్చోబెట్టి ఐదంతస్తులూ మోశారు. కెప్టెన్ రిపోర్టులో రాసుకున్నాడు: "క్షతగాత్రుల తరలింపు విజయవంతం." గుమ్మంలో దించగానే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

పన్నెండో అర్జీ మొదలుపెట్టాను. ఈసారి సెక్రటరీకి కాదు, శత్రువుకే. చిరునామా దొరక్క ఆగాను.

నిన్న ఆకాశంలో ఏదో మోత వినిపించింది. పెద్దమ్మ మోకాళ్లు మరిచిపోయి కిటికీ దగ్గరకు పరుగెత్తింది.

"ఏమిటి పెద్దమ్మా?"

"ఛ! మామూలు విమానమేరా," అంది దిగులుగా.