తొమ్మిదో వరుసలో పాప, ముప్పయ్యో వరుసలో అమ్మ

విమానంలో ఎవరి సీట్లో వాళ్లు కూర్చునే రోజు గనక వస్తే, ఈ దేశంలో మనిషికీ మనిషికీ మధ్య మాటలు అక్కడితో సరి! నవ్వకండి. నేను బాగా ఆలోచించే రాస్తున్నాను.

బస్సులో పక్కవాళ్లను పలకరించే రోజులు పోయాయి. అందరి చేతుల్లో ఫోన్లే. ఇంట్లో మాత్రం ఏం తక్కువ? ముక్కూ మొహం తెలియని మనిషితో మాట కలపడానికి మనకు మిగిలిన చోటు ఒక్క విమానమే. ఎందుకంటే అక్కడ కంపెనీవాళ్లు ఎంతో ముందుచూపుతో మొగుణ్ణి ఒక మూల, పెళ్లాన్ని ఒక మూల, తల్లిని ఒక చోట, బిడ్డను ఒక చోట వేస్తారు. ఇక మాట్లాడక ఏం చేస్తాం? "మీరు కొంచెం అటు మారతారా?" అని మొదలవుతుంది. ఆ తర్వాత చూడండి!

డాక్టరు దగ్గర దాచుకున్న సంగతులు కూడా మనిషి సీటు కోసం బయటపెడతాడు. ఒకరికి మోకాళ్లు. ఒకరికి నడుము. ఒకాయన పది నిమిషాలకోసారి లేవాలి, ఎందుకు లేవాలో అడగకుండానే వివరంగా చెబుతాడు. మధ్య సీట్లో పెరిగిన బీపీ కిటికీ పక్కకు రాగానే దిగిపోవడం నేను కళ్లారా చూశాను. కోట్లు పోసి దవాఖానాలు కడుతున్నారు కదా, ఆ రోగులందరికీ తలా ఒక కిటికీ సీటు ఇచ్చేస్తే పోదా?

ఇవి ఎవరో చెబితే రాస్తున్న మాటలు కావు. పోయిన నెల నేనూ మా సహస్రా హైదరాబాదు నుంచి జైపూర్‌కు వెళ్లాం. ఇద్దరికీ అదే మొదటి విమానం. మా ఆయన మహిధర్‌ను ఫ్యాక్టరీవాళ్లు ఏడాది పనిమీద అక్కడికి పంపారు. ఆయన్ను చూడాలని పాప ఒకటే గొడవ.

సహస్రకు ఐదేళ్లు. దానికి ఆయాసం ఉంది. మా జహీరాబాదులో దమ్ము అంటారు. చలిగాలి తగిలితే వస్తుంది, భయపడితే వస్తుంది. వచ్చినప్పుడు ఇన్‌హేలర్ పంపును గొట్టానికి తగిలించి, మూతికి ఆనించి, రెండుసార్లు కొట్టాలి. అందుకని నా చేయి అందనంత దూరం దాన్ని పోనివ్వను. దాన్ని బడిలో వేసిన మొదటి నెలంతా క్లాసు కిటికీ పక్కనే నిలబడి టీచరమ్మతో తిట్లు తిన్నదాన్ని. ఆ తిట్లు పాపకు పాఠాలకన్నా బాగా వచ్చాయి!

మాకు టికెట్లు తీసిచ్చింది బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే ఇర్షాద్. ప్రయాణానికి ముందురోజు కంప్యూటర్లో చూసి, "వదినా, నీది ముప్పయి ఈ. పాపది తొమ్మిది బీ" అన్నాడు.

పక్కపక్కన ఎందుకు పడలేదని అడిగాను. పక్కపక్కన కావాలంటే సీటు సీటుకూ వేరే కట్టి ఎంచుకోవాలట.

"దండుగ వదినా. లోపటికి వోయినంక అడుగుతే ఎవలో ఒకలు మారుతరు. గంత చిన్న పోరిని జూసి గూడ మారకుంటే వాళ్లేం మనుషులు?"

నిజమే కదా! వాళ్లు మనుషులేనా కాదా తేల్చుకునే అవకాశం ఊరికే వస్తుంటే ఎవరు వదులుకుంటారు?

విమానం ఎక్కాం. సహస్రను తొమ్మిదో వరుస మధ్య సీట్లో కూర్చోబెట్టాను. కిటికీ వైపు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు. నడవ వైపు తెల్లటి పంచె, తెల్ల చొక్కా, నుదుట విభూతి రేఖలతో ఒక పెద్దాయన.

ముందు కుర్రాణ్ణి అడిగాను. అతను ఒక చెవిలోది మాత్రమే తీశాడు. మబ్బులను వీడియో తీయడానికే ఆ సీటు ఎంచుకుని కొన్నాడట.

"పాపకు దమ్ము ఉన్నది తమ్మీ. పక్కన నేనుండాలె."

"అందరు గట్లనే చెప్తరు అక్కా" అన్నాడు, చాలా మర్యాదగా. తీసినదాన్ని మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

పెద్దాయన వైపు తిరిగాను. "మీదే ఊరు పెద్దనాయనా?"

"న్యాల్‌కల్ బిడ్డా. నన్ను రేవణసిద్ధప్ప అంటరు. అల్లం బేరం మీద పోతున్న."

ప్రాణం లేచి వచ్చింది. "మాది జహీరాబాదే! మనోళ్లే దొరికిన్రు. జర మీరు ఎన్క నా సీట్ల కూసుంటరా? పిల్లకు దమ్ము."

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "నాకు గూడ దమ్మే బిడ్డా. ఇరవై ఏండ్ల సంది. గంత దూరం నడిస్తె ఊపిరాడది. గందుకే ఈ సీటు తీస్కున్న."

చూశారా! నా రోగాన్ని నా ఎదురుగానే నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయాడు! మోకాళ్లు చెప్పొచ్చు, నడుము చెప్పొచ్చు, లోకంలో ఇన్ని రోగాలుండగా మా పిల్లదే కావాల్సి వచ్చిందా? అల్లం బస్తా భుజాన వేసుకుని మొగుడంపల్లి దాకా నడిచిపోయేటట్టున్నాడు, ఆయనకు దమ్మట!

పళ్లు కొరుక్కుంటూ నడవలో నిలబడ్డాను. అదే నా అదృష్టం అయింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డదాన్ని చూసి, సీట్లు మార్చే ఉద్యోగం నాదే అనుకున్నారు జనం. కొత్తగా పెళ్లైన పిల్లాడు వచ్చి, తన భార్య ఎనిమిది వరుసల వెనక ఉందని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. ఇద్దర్నీ కలిపాను. పేకాట సెట్టు కుదరక అల్లాడుతున్న నలుగురు స్నేహితులను ఒక దగ్గరికి చేర్చాను.

నా సీటు పక్కన కిటికీ దగ్గర చిరాగ్‌పల్లి సకీనమ్మ కూర్చుంది. అజ్మీర్ దర్గాకు పోతోంది. ఆమె భర్త మక్సూద్ సాబ్ పదిహేడో వరుసలో ఎక్కడో ఇరుక్కున్నాడు. చేయి తిరిగింది కదా, ఆయన్నూ తెచ్చి ఆమె పక్కన వేద్దామనుకున్నాను.

"ఖబర్దార్ బేటీ!" అంది సకీనమ్మ. "నలభై ఏండ్ల సంది పక్కపొంటి ఉన్న. రెండు గంటలు జర నిమ్మళంగ ఉండనియ్యి!"

మక్సూద్ సాబ్‌ను అడిగితే ఆమెకన్నా గట్టిగా వద్దన్నాడు. కాపురాలు నిలబెట్టే శక్తి కూడా ఈ సీట్లకు ఉందని అప్పుడే తెలిసింది.

అంతమందికి కుదిరింది, నాకు మాత్రం కుదరలేదు. ఎలా కుదురుతుంది? ముప్పయి ఈ అంటే చిట్టచివరి వరుస, మధ్య సీటు, వెనక టాయిలెట్ గోడ. అందుకే నేను కనిపెట్టిన సూత్రం ఒకటి రాసుకోండి. మనిషి త్యాగానికి ఎప్పుడూ సిద్ధమే. కాకపోతే ఆ త్యాగం కిటికీ వైపుకో ముందు వరుసకో ఉండాలి!

ఎయిర్‌హోస్టెస్‌కు చెప్పాను. పాపం, ఆ అమ్మాయి నిజంగానే బాధపడింది. "ఎవరైనా ఒప్పుకుంటే మార్చొచ్చు మేడమ్. మేము బలవంతం చేయలేము. విమానం కదులుతోంది, ముందు మీరు వెళ్లి కూర్చోండి" అంది. వెళ్లాను. పంపున్న సంచీ నా ముందు సీటు కిందే ఉంది. దాన్ని పాప దగ్గర పెడదామన్న తెలివి ఆ తొందరలో నాకు రాలేదు. పెట్టినా, కొట్టేదెవరు?

విమానం పైకి లేచింది. కాసేపటికి దగ్గు వినపడింది.

ఆ హోరులో, అన్ని దగ్గుల మధ్య అది ఎవరిదో ఎలా తెలిసిందని అడక్కండి. రెండు పొడి దగ్గులు, కొంచెం ఆగి మూడు. దాని తర్వాత ఛాతీలోంచి సన్నగా ఈల వస్తుంది. ఆ ఈల ఇరవై ఒక్క వరుసల వెనక్కి వినపడదు. వినపడదనే నా భయం.

బెల్టు విప్పి లేచాను. "కూర్చోండి మేడమ్!" అని వెనకనుంచి కేక. అంతలో విమానం ఒక్క కుదుపు కుదిపింది. సీట్లో పడ్డాను.

"ఏమైంది బేటీ?" అంది సకీనమ్మ.

"తొమ్మిదో లైన్ల నా బిడ్డ... పంపు..."

ఆమె వంగి సంచీ లాగి నాకిచ్చి, నేను తీసిన పంపూ గొట్టమూ నా చేతిలోంచి గుంజుకుని, ముందు సీటు వాడి నెత్తిమీద తట్టింది. "ముంగటికియ్యి! తొమ్మిదో లైన్ల పిల్లకు దమ్మొచ్చింది! దేఖ్‌తే క్యా, ఇయ్యి!"

కిక్కిరిసిన జహీరాబాదు బస్సులో కండక్టరుకు టికెట్ డబ్బులు ఎలా పోతాయో చూశారు కదా, అలా పోయింది పంపు. నాకు చేతులు మాత్రమే కనపడుతున్నాయి. గాజుల చెయ్యి ఒకటి, పేక ముక్కలు కింద పారేసిన చెయ్యి ఒకటి, గోరింటాకు ఆరని కొత్త పెళ్లికూతురి చెయ్యి ఒకటి. పదిహేడో వరుసలో మక్సూద్ సాబ్ "తొమ్మిది! తొమ్మిది!" అని అరుస్తున్నాడు. ఆఖరికి ఒక తెల్ల చొక్కా చెయ్యి పైకి లేచి అందుకుంది.

నేను కళ్లు మూసుకున్నాను. ఎలా పట్టుకోవాలో కూడా తెలియని మనిషి చేతిలో పడిందనుకున్నాను.

"బుగులు వడకు తల్లీ" అన్న మాట వినపడింది. విమానమంతా ఊపిరి బిగబట్టిందేమో, అంత దూరం నుంచీ వినపడింది. "సూడు, నా జేబుల గూడ గిదే ఉన్నది. మూతి వెట్టు. ఆఁ, పీల్చు. ఒకటి... రెండు... మూడు..."

పది దాకా లెక్కపెట్టాడు. ఆగి, మళ్లీ పది. డాక్టరు నాకు నేర్పిన తీరే అది. రెండో పది పూర్తయ్యేసరికి ఆయనే ఎగపోస్తున్నాడు.

బెల్టు లైటు ఆరగానే పరుగెత్తాను. సహస్ర మామూలుగానే ఉంది. ఒక చేతిలో దాని పంపు, ఇంకో చేతిలో రేవణసిద్ధప్పగారి పంపు. "అమ్మా, తాతది గూడ నీలమే!" అంది.

పెద్దాయన సీటుకు ఆనుకుని ఛాతీ పట్టుకున్నాడు. పాప చేతిలోంచి తన పంపు తీసుకుని తనూ కొట్టుకున్నాడు.

"తప్పయింది పెద్దనాయనా" అన్నాను. "మీరు సీటు కోసం చెప్తున్నరనుకున్న."

"నేను గూడ నిన్ను గట్లనే అనుకున్న బిడ్డా" అన్నాడు ఊపిరి చిక్కించుకుంటూ. "సీటు కోసం పసిపిల్లకు రోగం అంటగడ్తున్నదే, ఇదేం తల్లి అనుకున్న."

కిటికీ దగ్గర కుర్రాడు రెండు చెవులవీ తీసేసి లేచి నిలబడ్డాడు. "కూసో అక్కా" అన్నాడు. వెళ్లి ముప్పయి ఈలో కూర్చున్నాడు. జైపూర్ దాకా సకీనమ్మ కాపురం కథ మొత్తం విన్నాడట. మబ్బుల్లో అన్ని సంగతులు దొరికేవా?

ఇప్పుడు చెప్పండి, సీట్లు మార్చుకోవడం వరమా కాదా? కంపెనీ మమ్మల్ని పక్కపక్కనే వేసి ఉంటే ఇంతమంది మంచితనం బయటపడేదా? ఇరవై ఒక్క వరుసల్లో ఒక్క చెయ్యి వెనక్కి పోలేదే!

మరి అంత మంచివాళ్లం, అరగంట ముందు ఒకరికొకరం దొంగల్లా ఎందుకు కనపడ్డాం? నేను ఒక రోగిష్టి ముసలాయన్ని అబద్ధాలకోరు అనుకున్నాను. ఆయన నన్ను పాపిష్టి తల్లి అనుకున్నాడు. మమ్మల్ని అలా కూర్చోబెట్టిన మనిషి విమానంలోనే లేడు. ఆయన మీద ఎవరికీ కోపం రాలేదు. ఎందుకొస్తుంది? కనపడితే కదా!

పాప వయసు ఐదని టికెట్ మీద అచ్చువేసింది కంపెనీవాళ్లే. దాని పైన తల్లి పేరు అచ్చువేసిందీ వాళ్లే. తెలియక విడదీశారంటే నేను నమ్మను. తల్లి భయపడుతుందని తెలుసు. భయపడితే కడుతుందనీ తెలుసు.

కాబట్టి ఆ కంప్యూటరు ముందు కూర్చున్న అయ్యకు ఒక చిన్న విన్నపం. ఒక్కసారి నాతో సీటు మార్చుకోండి. నేను మీ కుర్చీలో కూర్చుంటాను, మీరు ముప్పయి ఈలో కూర్చోండి. మీ పాపను తొమ్మిది బీలో వేస్తాను. పాపకు దమ్ముందని మీరు చెబితే అబద్ధమనను, తప్పకుండా నమ్ముతాను.

నమ్మి మరీ, పక్క సీటుకు ఎంత కట్టాలో చెబుతాను.