ఆదర్శ దంపతుల శాలువా

కాబట్టి, ఎక్కువమంది పిల్లల్ని కోరుకునే దంపతులు లోలోపల ఒంటరితనానికి భయపడుతుంటారని, బస్సు పర్చూరు చేరేలోపే తేల్చేశాను. ఇంకా ఎవరినీ అడగలేదు. అడిగి తేల్చుకోవడం సామాన్యుల పద్ధతి. నేను మనస్తత్వశాస్త్రం లెక్చరర్ని! పైగా జనాభివృద్ధి ప్రోత్సాహక సంఘం కార్యదర్శిని. దేశంలో పిల్లలు తగ్గిపోతున్నారని మా సంఘానికి మహా బెంగ. సభ్యులం ఏడుగురం. అందరికీ కలిపి పిల్లలు ముగ్గురు. నాకు పెళ్ళి కాలేదు. నల్లపాడులో నా గదిలో కుర్చీ ఒకటే ఉంది. వచ్చినవాళ్ళు నిలబడాలి కనక ఎవరూ రారు. అది ఏకాంతం. భయం కాదు.

రేపే సన్మానసభ. ఆదర్శ దంపతుల్ని పట్టుకురాకపోతే నా పదవి ఊడుతుంది. అదృష్టవశాత్తూ మా సభ్యుడు సుభానీ, పర్చూరు దాటాక ఒక ఇంటి ముందు పదకొండుమంది పిల్లల్ని బస్సు కిటికీలోంచి లెక్కపెట్టాడు. నలభై ఎనిమిది ప్రశ్నల పత్రం, కొత్త శాలువా సంచిలో పెట్టుకుని ఆ ఇంటికి చేరాను.

ఇంటాయన ఇమ్మానుయేలు ఒక పిల్లకు జడ వేస్తున్నాడు. అతని భార్య హెలెన్ ఒకే గిన్నెలోంచి నలుగురికి ముద్దలు పెడుతోంది.

"ఇంతమంది కావాలని మీకు ఎప్పుడు అనిపించిందమ్మా?"

"మిరపకోతలు మొదలైనప్పుడండి."

'ఋతుసంబంధమైన కాంక్ష' అని రాసుకున్నాను. అపూర్వం!

"ఇంకా కావాలనుందా?"

"రేపు ఇంకో ఇద్దరొస్తారండి."

"కవలలా?"

"కాదండి. ఒకడికి నాలుగేళ్ళు."

పెన్ను కాసేపు ఆగింది. శాస్త్రజ్ఞుడు చిన్న విషయాల దగ్గర ఆగకూడదు.

"దీని వెనక మీ అంతశ్చేతనలో ఏముంది?"

"ఏం లేదండి. కావాలంటే వెతుక్కోండి."

ఒక పిల్ల నా మోకాలు పట్టుకుని, "నువ్వెవరి నాన్నవి?" అంది.

"ఎవరి నాన్ననీ కాదు."

"మరెందుకొచ్చావు?"

ఆ ప్రశ్న నా పత్రంలో లేదు.

నలభై ఎనిమిదీ పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. గుమ్మం ముందు ఆటో ఆగింది. పదిమంది ఆడవాళ్ళు పోలీసులకు లొంగిపోయిన దొంగల్లా చేతులు పైకెత్తి దిగారు! పిల్లలందరూ "అమ్మా!" అంటూ పరిగెత్తారు.

"రాకండ్రా! ముట్టుకోకండి! చేతులు మంట!"

"ఎవరమ్మా వీళ్ళంతా?" అన్నాను.

"వీళ్ళ అమ్మలండి," అంది హెలెన్. "రోజంతా మిరపకాయలు కోసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. బిడ్డ కంట్లో తగిలితే ఇంకేముంది? అందుకే మేమిద్దరం కోతలకి పోం. చంటోళ్ళకి స్నానాలు చేయించి, తినిపించి పంపుతాం."

"మరి మీ పిల్లలు?"

"ఒక్కతే, జెస్సీ. చీరాలలో కాపురం."

"ఇది మోసం! మా నిబంధనల ప్రకారం సొంత పిల్లలే ఉండాలి!"

ఇమ్మానుయేలు జడకి రిబ్బను ముడేస్తూ నవ్వాడు. "వీళ్ళు మా పిల్లలే అని మేమెప్పుడన్నాం సార్? మీరడగలేదుగా!"

పత్రం తిరగేశాను. నిజమే. నలభై ఎనిమిదింటిలో ఆ ఒక్కటీ లేదు.

ఈలోగా రెండేళ్ళ బుడ్డోడు ఏడుపు అందుకున్నాడు. ముక్కు కారి గడ్డం దాకా వచ్చింది. వాడి తల్లి పుల్లమ్మ ముందుకి వంగి, చటుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. హెలెన్ చంకలో ఒకడు, భుజాన ఒకడు. ఇమ్మానుయేలు చేతుల్లో ఇంకో జడ. పుల్లమ్మ చుట్టూ చూసి, నా దగ్గర ఆగింది.

"ఓ సారూ! ఊళ్ళో ఖాళీగా ఉన్న చేతులు నీవేగా! వాడి ముక్కు కాస్త తుడవరాదూ?"

జేబులో రుమాలు లేదు. సంచిలోంచి ఆదర్శ దంపతుల శాలువా తీసి, మడత విప్పి, తుడిచాను.