ఎడమకు వాలిన గీత చల్లగా ఉండాలి

కంప్యూటర్ కంపెనీలన్నీ ఒకే మాట మీద ఉంటే మన జిల్లా ఏమైపోయేదో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించాను. అందుకే చెబుతున్నాను, విండోస్‌కూ లినక్స్‌కూ పడకపోవడం మనకు దొరికిన వరం!

తెలియనివారికి ఒక ముక్క. ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో, ఆ ఫోల్డర్ దేని లోపల ఉందో కంప్యూటర్‌కు చెప్పేటప్పుడు పేర్ల మధ్య ఒక గీత పెట్టాలి. కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థలైన ఈ రెంటిలో, విండోస్‌లో ఆ గీత ఎడమకు వాలుతుంది, లినక్స్‌లో కుడికి వాలుతుంది. అంతే తేడా. అగ్గిపుల్లంత కూడా లేని ఆ గీత మీద ఎంతమంది బతుకుతున్నారో మీకేం తెలుసు!

మెర్సీని చూడండి. అచ్చంపేట పిల్ల, మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. ఆమె కిరాయి గదీ, ఊళ్ళో తండ్రి సాల్మన్ మందులూ ఆ జీతం మీదే నడుస్తాయి. ఆఫీసు పేరు మాత్రం చెప్పను, నాకు అక్కడ ఇంకా టీ ఇస్తున్నారు.

మొన్నటి వానాకాలంలో ఆ ఆఫీసు రైతులకు యూరియా టోకెన్లు కంప్యూటర్ ద్వారా ఇవ్వాలనుకుంది. హైదరాబాద్ కంపెనీ నుంచి వచ్చిన నవీన్‌కుమార్ ప్రోగ్రాం రాశాడు, తన విండోస్ లాప్‌టాప్‌లో. అది నడవాల్సింది ఆఫీసు సర్వర్‌లో, సర్వరేమో లినక్స్. రాసిన కోడ్‌ను యంత్రం నడపగలిగేలా మార్చడాన్ని కంపైల్ అంటారు. సర్వర్‌లో కంపైల్ చేయబోతే అలాంటి ఫైలే లేదని మొండికేసింది.

"నా లాప్‌టాప్‌ల మంచిగనే నడుస్తుంది కదా!" అన్నాడు నవీన్‌కుమార్.

ఇంతటి ఆత్మవిశ్వాసం ఒక మనిషికి ఇంకెక్కడ దొరుకుతుంది?

మెర్సీ కోడంతా చదివి సూపరింటెండెంట్ దశరథ్ దగ్గరకు పోయింది. "సార్, పదకొండు జాగలల్ల నవీన్ సార్ లాప్‌టాప్‌ల ఉన్న డి డ్రైవ్ పేరు రాసిండ్రు. మన సర్వర్‌ల డి డ్రైవే లేదు. గీతలు గూడ ఉల్టా ఉన్నయి. పది నిమిషాల పని సార్, నేను చేస్త."

దశరథ్‌ది ముప్పై ఏళ్ళ సర్వీసు. లేనిదాన్ని ఎలా తెప్పించాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"లేకుంటె తెప్పిద్దాం. ఒక డి డ్రైవ్‌కు ఇండెంట్ పెట్టు. నవీన్‌కుమార్ పేరు మీదనే పెట్టు, మల్ల ఆడిట్ల తిప్పలు రావొద్దు."

"అది కొనేటిది కాదు సార్, విండోస్ల జాగకు పెట్టుకునే ఉత్త పేరు."

"కొననిది ఆఫీసుల ఏముంటదమ్మా? ఆర్డర్ లేకుండ గీతలు ముట్టుకున్నవనుకో, నెలాఖరుకు నీ కాంట్రాక్ట్ రెన్యువల్ గాదు. జర సోంచాయించుకో."

తరువాత కమిటీ వేశారు. దశరథ్, నవీన్‌కుమార్, బయటి నిపుణుడిగా నేను. అవును, నేనే! కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనక నన్ను పిలిచారు. మూడుసార్లు కూర్చున్నాం. మొదటిసారి, గీత ఎటు వాలితే ఆఫీసు గౌరవానికి తగినట్టు ఉంటుందో చర్చించాం. రెండోసారి మిర్చీలు చల్లారిపోయాయని వాయిదా వేశాం. మూడోసారి, దీన్ని అధ్యయనం చేయడానికి బెంగళూరు పోవాలని తీర్మానించాం. చెప్పండి, గీతలు రెండూ ఒకే వైపు వాలి ఉంటే నాబోటి ముసలివాడికి బెంగళూరు ఎవరు చూపిస్తారు?

బయట లైను పెరిగింది. మన దగ్గర లైనంటే మనుషులు నిలబడేది కాదు, చెప్పులు నిలబడేది. చెప్పుల జత పెట్టి, దాని మీద పాస్‌బుక్కు జిరాక్సు పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెడతారు. మనిషి నీడకు పోతాడు, ఎవరి జాగా వారికి ఉంటుంది. ఎంత క్రమశిక్షణ! ఇదంతా నేర్పింది ఎవరు? ఆ గీతే కదా! ఆరు రోజులకు చెప్పులు గేటు దాటి రోడ్డెక్కాయి.

ఆరో రోజు కౌసల్య కిటికీ దగ్గరకు వచ్చింది. కల్వకుర్తి రోడ్డు మీది ఊరు ఆమెది. చెప్పులు లైన్లో ఉన్నాయి గనక వట్టి కాళ్ళతోనే నిలబడింది.

"బిడ్డా, మక్కచేను ఎర్రబడ్డది. ఇయ్యాల రేపట్ల యూరియా పడకుంటె కంకి పట్టదు. ఇంకెన్నొద్దులు తిప్పుతరు?"

రేపు వస్తుందనే మాట మెర్సీ నోటిదాకా వచ్చింది. ఆరు రోజులుగా అదే చెబుతోంది, ఇక చెప్పలేకపోయింది. "జర ఆగు పెద్దమ్మా" అని లోపలికి పోయి కూర్చుంది. డి డ్రైవ్ పేరు తీసేసింది. పదకొండు చోట్లా గీతలను కుడికి వాల్చింది. కంపైల్ చేసింది. ఏడు నిమిషాలు! సాయంత్రానికి అందరికీ టోకెన్లు అందాయి, చెప్పులన్నీ కాళ్ళకెక్కాయి.

ఎంత బాధ్యతారాహిత్యం! కమిటీ మొహం ఎక్కడ పెట్టుకోవాలి? డి డ్రైవ్ ఇండెంట్ మీద అప్పటికే పడిన నాలుగు సంతకాలు ఏం కావాలి? బెంగళూరు ఆర్డర్ ముందే వచ్చేసింది గనక సరిపోయింది. సమస్య తీరిపోయినంత మాత్రాన అధ్యయనం ఆగకూడదు కదా!

నెలాఖరుకు మెర్సీకి రెన్యువల్ రాలేదు. అనుమతి లేకుండా గీతల దిశ మార్చిందని కాగితం మీద రాశారు. టోకెన్లు సకాలంలో అందించినందుకు నవీన్‌కుమార్‌కు శాలువా కప్పారు. కప్పింది నేనే.

అనుభవం సర్టిఫికెట్ కోసం వచ్చిన రోజు మెర్సీ వరండాలో నాకు ఎదురైంది. కోపంగా ఉంటుందనుకున్నాను. లేదు, క్లాసులో డౌటు అడిగినట్టే అడిగింది.

"సార్, కుడికి వాలిన గీత పెడితె విండోస్ల గూడ నడుస్తదని ఫస్టియర్ల మాకు మీరే చెప్పిండ్రు. రెండిట్ల నడిచే గీత ఉన్నదని మీటింగ్‌ల ఎందుకనలేదు సార్?"

నా జేబులో బెంగళూరు టికెట్టు ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని, "అచ్చంపేట బస్సుకు టైమైతాంది, పో బిడ్డా" అన్నాను.