అధ్యక్షులవారు పెట్టిన వైరు

అయనావరం శెంబగం ఫ్లాట్ల యజమానుల సంక్షేమ సంఘం, లిఫ్టు మరమ్మతును నిరవధికంగా వాయిదా వేసి, ఆ నిధితో ఒక గేమింగ్ కంప్యూటరును విడిభాగాలు ఎంచి మరీ కట్టించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. నాలుగో అంతస్తులో మోకాళ్ళ నొప్పులవాళ్ళున్నారు. వాళ్ళూ చేతులెత్తారు. ఎదురువీధి అల్లి ఫ్లాట్లవాళ్ళు అప్పటికే ఒకటి కట్టించుకున్నారని తెలిశాక మోకాళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కారణం కూడా ఘనమైనదే. కంప్యూటరు ఆటల నగర జట్టుకు ఎంపిక జరగబోతోంది. మా సి బ్లాకు కింది వాటాలో ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే సెల్వరాణికి తేన్‌మొళి అని ఒక కూతురుంది. ప్లస్ టూ ముగించిన పిల్ల. కంప్యూటరులో ఆడే తుపాకుల ఆటలో ఆమెను ఓడించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆమె రోజూ ఆడే ఇంటర్నెట్ సెంటరును మూసేసి బిర్యానీ దుకాణం పెట్టారు. జట్టులో చోటు దొరికితే ఆటల కోటాలో ఫీజు లేకుండా సీటిస్తామని ఒక కాలేజీవాళ్ళు మాటిచ్చారు. దొరక్కపోతే ఇంట్లో గ్రైండరు ఎలాగూ ఉంది. అంటే కంప్యూటరు ఆమె కోసమే. ఆమె కోసమే గనుక భాగాల ఎంపికలో ఆమెను ఇబ్బంది పెట్టకూడదని కార్యవర్గం దయతో నిర్ణయించింది.

ఏ బ్లాకుకూ అన్యాయం జరగకుండా ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరికి అప్పగించారు. కరెంటు అందించే పెట్టెను విద్యుత్ శాఖలో రిటైరైన ముత్తుకరుప్పన్ గారికి ఇచ్చారు. ఆయన దుకాణాల్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది ఎంచి, "రేపు దీనికే ఒక ఏసీ తగిలించుకోవచ్చు" అన్నారు. కంప్యూటరుకు ఏసీ ఎందుకు తగిలిస్తారని ఎవరూ అడగలేదు. అడిగితే అజ్ఞానం బయటపడుతుందన్న భయం అందరికీ సమానంగా ఉంది. ర్యామ్ ముక్కలు రెండు చాలని దుకాణదారు చెప్పినా, మిగతా రెండు చోట్లు ఖాళీగా ఉంటే పళ్ళూడిన నోరులా ఉంటుందని 'ఎ' బ్లాకువారు నాలుగు పెట్టించారు. ప్రాసెసరుతోపాటు బొమ్మలు చూపించే చిన్న శక్తి ఒకటి కొసరుగా వస్తుందని తెలిసి అందరూ సంతోషించారు. కొసరు వదులుకునే అలవాటు మాకు లేదు.

వేడిని తగ్గించే పరికరం దగ్గర చిక్కొచ్చింది. ఫ్యానుతో చల్లబరిచేది ఒకటి, నీళ్ళతో చల్లబరిచేది ఇంకొకటి.

"కంప్యూటరుక్కూడా నీళ్ళా?" అని బి బ్లాకు పద్మాసని మామి లేచారు. "మా వాటాకి లారీ నీళ్ళొచ్చి వారమైంది. ముందు మాకు పోయండి, తర్వాత దానికి పోద్దురుగానీ!"

"మామీ, అది ఒక్కసారి పోసుకున్న నీళ్ళతోనే ఏళ్ళ తరబడి బతుకుతుంది" అన్నారు ముత్తుకరుప్పన్.

"అయితే మనకంటే నయం. కొనండి."

దీపాల రంగు విషయంలో మాత్రం సభ రెండుసార్లు భగ్నమైంది. ఎర్ర దీపాలంటే ఒక పార్టీ జెండా, పచ్చవంటే ఇంకో పార్టీ జెండా. నీలమంటే అడగనే అక్కర్లేదు. చివరికి అన్ని రంగులూ వంతులవారీగా వెలిగే దీపాలు పెట్టించి, ప్రతి పార్టీకీ క్షణం చొప్పున అధికారం కట్టబెట్టారు. చెన్నపట్నంలో ఇంత శాంతియుతంగా అధికార మార్పిడి జరిగే చోటు మా కంప్యూటరు క్యాబినెట్ ఒక్కటే.

చివర్లో ఎవరో మర్యాదకు తేన్‌మొళిని కూడా అడిగారు.

"బొమ్మ చప్పున కదిలే స్క్రీను కావాలి సార్. చేతికి సరిపడే మౌసు. అంతే."

"చూశారా, పాపం, చిన్న చిన్న కోరికలు!" అని మెచ్చుకుని, మిగిలిన చిల్లరతో అవి రెండూ కొన్నారు.

కంప్యూటరు సామాన్ల దుకాణాలుండే రిచీ స్ట్రీటుకు పదకొండుమంది ప్రతినిధి వర్గం వ్యానులో బయలుదేరింది. దుకాణదారు రఫీక్ భాయి అనుభవజ్ఞుడు. "ఏంటి సార్, పెళ్ళి చీరలకొచ్చినట్టు ఇంతమంది?" అని నవ్వి, అందరికీ టీ తెప్పించి, ఎవరు దేన్ని చూపిస్తే దాన్ని, "సార్ టేస్టే వేరు" అంటూ కట్టిచ్చాడు. గ్రాఫిక్స్ కార్డును అధ్యక్షులు నల్లపెరుమాళ్ గారు స్వయంగా ఎంచారు. బరువు చూసి ఎంచారు. ఒక చేత్తో ఒకటి, ఇంకో చేత్తో ఇంకొకటి పట్టుకుని, గుమ్మడికాయలు కొనేటప్పుడు చూసినట్టు చూసి, బరువైనదాన్ని ఖాయం చేశారు. మొత్తం ఖర్చులో సగం దానికే అయింది.

నల్లపెరుమాళ్ గారు సబ్ రిజిస్ట్రారుగా రిటైరయ్యారు. ఆయన చెయ్యి పడనిదే మా ఫ్లాట్లలో ఏదీ ప్రారంభం కాదు. వాటర్ ట్యాంకును ఆయనే ప్రారంభించారు, ట్యాంకు మూతనూ ఆయనే వేరుగా ప్రారంభించారు. కాబట్టి కంప్యూటరు బిగింపంతా ముగిశాక, స్క్రీనుకు వెళ్ళే ఆఖరి వైరును పెట్టే గౌరవం ఆయనకే దక్కింది. సంఘం హాల్లో కంప్యూటరుకు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి దిష్టి తీసి, నాదస్వరం ఊదించారు. పెట్టె వెనక పైన ఒక కన్నం, కింద గ్రాఫిక్స్ కార్డు దగ్గర అలాంటిదే ఇంకో కన్నం ఉన్నాయి. అధ్యక్షులవారి మెడలో నిలువెత్తు సంపంగి దండ ఉంది. వంగితే దండ నలుగుతుంది. పైగా అధ్యక్షులు వంగడమన్నది ఫోటోలో బాగుండదు. అందుకని నిలబడ్డచోటనుంచే పై కన్నంలో పెట్టారు. స్క్రీను వెలిగింది. చప్పట్లు మోగాయి. అంతకుముందే నీళ్ళ మోటారు దొంగలపాలైంది గనుక పెట్టె వెనక ఇనప జాలీ బిగించి, తాళం వేసి, తాళంచెవిని అధ్యక్షులవారి దగ్గర భద్రపరిచారు.

ఆ ఫోటో సంఘం వాట్సాప్ గుంపులో తిరిగింది. నెల తిరగకుండా చాలా వాటాల్లో చిన్న చిన్న గేమింగ్ కంప్యూటర్లు వెలిశాయి. బిగించే కుర్రాళ్ళు వైరెక్కడ పెట్టాలని అడిగితే అందరూ ఆ ఫోటోయే చూపించి, "ఇదిగో, అచ్చం ఇలా" అన్నారు.

ఇంతలో తేన్‌మొళి ఒక చిక్కు సంగతి కనిపెట్టింది. ఆట తడబడుతోంది. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. పెట్టెకున్న గాజు పలకలోంచి చూస్తే గ్రాఫిక్స్ కార్డు మీద దీపాలు వెలుగుతున్నాయి గానీ దాని ఫ్యాన్లు తిరగడంలేదు. సెల్‌ఫోను దీపంతో జాలీలోంచి వెనక్కి చూసి, నేరుగా అధ్యక్షులవారి వాటాకు వెళ్ళింది.

"సార్, వైరు పై కన్నంలో ఉంది. కార్డు కన్నం కిందుంది. ఇప్పుడు బొమ్మలన్నీ ప్రాసెసరుతో కొసరొచ్చిందే లాగుతోంది. పెద్ద కార్డు ఊరికే కూర్చుంది. తాళమిస్తే ఒక్క నిమిషంలో మార్చేస్తాను."

నల్లపెరుమాళ్ గారు ఆమెను కూర్చోమని చెప్పి, అత్యవసర సర్వసభ్య సమావేశం ఏర్పాటు చేశారు.

ఎంపిక ఆట ఆదివారం. సమావేశం శనివారం సాయంత్రం. అధ్యక్షులవారు ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! ఈ చేతులతో వేల దస్తావేజులు రిజిస్టరు చేశాను. ఒక్కటీ తిరిగి రాలేదు. ఈనాడు ఈ చెయ్యి కన్నం తప్పిందని ఒక పసిపిల్ల అంటోంది. నాకు కోపం లేదు. బాధ లేదు. వైరు తీయమంటే తీస్తాను. కానీ అది నా వైరు కాదు. మీరంతా చప్పట్లు కొట్టిన వైరు. తీస్తే మీ చప్పట్లు వెనక్కి తీసుకున్నట్టే!"

చప్పట్లు వెనక్కి తీసుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

"దీపాలు వెలుగుతున్నాయి కదమ్మాయ్?" అన్నారు ముత్తుకరుప్పన్. "వెలుగుతుంటే పనిచేస్తున్నట్టే. నా సర్వీసంతా ఇదే చూశాను."

"వెలగడానికి కరెంటు చాలు తాతా. పనిచెయ్యాలంటే వైరు దాన్లో ఉండాలి."

"ఏమే పిల్లా," అన్నారు పద్మాసని మామి, "రెండు కన్నాలూ ఒకేలా ఉన్నాయిగా? ఏదైతే ఏంటి?"

"మీ వంటింట్లో రెండు కుళాయిలూ ఒకేలా ఉంటాయి మామీ. ఒకదాంట్లో లారీ నీళ్ళు, ఒకదాంట్లో బోరు ఉప్పునీళ్ళు. సాంబారు దేంతో పెడతారు?"

మామి ఒక్క క్షణం ఆలోచించారు. ఆలోచిస్తున్నట్టు మొహంలో కనబడింది కూడా. వెంటనే సర్దుకుని, "సాంబారు సంగతి నాకు చెప్పేంతదానివయ్యావా!" అన్నారు. సభ నవ్వింది. వైరు మార్చాలనేవారు చేతులెత్తాలన్నారు. ఒక్క చెయ్యి లేచింది. పక్కనే కూర్చున్న సెల్వరాణి కూతురి మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. రేపు పొద్దున పిండి కొనాల్సింది ఈ జనమే. వైరు సరైన కన్నంలోనే ఉందని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆదివారం హాలు నిండిపోయింది. ఎంపిక సంఘం పంపిన పరిశీలకుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తేన్‌మొళి ఆడింది. మొదటి రెండు ఆటలూ తడబడే బొమ్మతోనే గెలిచింది. మూడోదాంట్లో ఆమె గురిపెట్టి కాల్చినచోట మనిషి లేడు. స్క్రీను అతణ్ణి అక్కడే చూపిస్తోంది. అసలు మనిషి అప్పటికే ఆమె వెనకకు వచ్చేశాడు. నాలుగోదీ అలాగే పోయింది. అయిదోదీ పోయింది. జనం ఆ సంగతి గమనించలేదు. ఎర్రనుంచి పచ్చకూ పచ్చనుంచి నీలానికీ మారుతున్న దీపాలను చూసి, "అబ్బ, ఏం మెషీనురా!" అనుకుంటున్నారు. పరిశీలకుడు ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

సెల్వరాణి మెట్ల దగ్గర నిలబడి, "అయ్యా, ఆ తాళం ఒక్క నిమిషం తీసుంటే నా పిల్ల కాలేజీకి పోయేది" అంది.

"అమ్మా, దేనికైనా ఒక పద్ధతుంటుంది" అని అధ్యక్షులవారు ఓదార్చారు. కంప్యూటరులో ఏ లోపమూ లేదని, ఇంత ఖరీదైన యంత్రానికి తగిన ఆటగాళ్ళు ఇంకా తయారుకావలసి ఉందని సంఘం ప్రకటన వెలువరించింది.

మరునాడు మధ్యాహ్నం పద్మాసని మామి పిండి కొనే మిషమీద వచ్చి, గొంతు తగ్గించి, "ఏమ్మా, మా మనవడి కంప్యూటరు వెనక ఒకసారి చూసిపోతావా? ఎవరికీ చెప్పకు" అన్నారు. సాయంత్రం ముత్తుకరుప్పన్ గారు పిలిపించారు. "మా ఇంట్లోది బాగానే ఉందనుకో. ఊరికే, ఓసారి చూడు." ఆ వారంలో, సభలో చెయ్యెత్తనివాళ్ళంతా ఒక్క ఇల్లూ మిగలకుండా పిలిచారు. ఆమె వెళ్ళి వైరు పై కన్నంలోంచి తీసి కింది కన్నంలో పెట్టింది. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు. చివరగా అధ్యక్షులవారి దగ్గరనుంచి కబురొచ్చింది.

"మా అగిలన్ గదిలో ఒక వైరుంది. వెనక మెట్లమీదుగా రామ్మా."

మరుసటి ఎంపికలో అధ్యక్షులవారి మనవడు అగిలన్, తన గదిలో తన కంప్యూటరు మీద ఆడి, నగర జట్టులో చోటు సంపాదించాడు. తేన్‌మొళికి సొంత కంప్యూటరు లేదు. హాల్లో వైరు అలాగే ఉంది. ఎలా మారుస్తారు? అది సరిగ్గానే ఉందని తీర్మానం ఉంది కదా. తీర్మానించినవాళ్ళమంతా మా ఇళ్ళలో దాన్ని మార్పించుకున్న మాట నిజమే. అది మా సొంత విషయం. తీర్మానం సంఘానిది.

అగిలన్‌కు జరిగిన సన్మాన సభలో తేన్‌మొళి సేవలను కూడా మరవలేదు. కంప్యూటరు విషయంలో ఆమెకున్న ప్రత్యేక శ్రద్ధను గుర్తిస్తూ, హాల్లోని యంత్రపు గాజును వారానికోసారి తుడిచే గౌరవ బాధ్యతను ఆమెకు ఏకగ్రీవంగా అప్పగించి, కొత్త గుడ్డముక్క ఒకటి బహూకరించారు. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. తుడవడం ముందువైపు మాత్రమేనని అధ్యక్షులవారు అప్పుడే స్పష్టం చేశారు.